బావగారి స్టెన్‌గన్‌ను బెజవాడలో ఉంచుకోవచ్చా? దాని ముస్తాబు మార్చవచ్చా?

గవర్నర్‌పేట పాతపెట్టె:

పెద్దలందరికీ నమస్కారం. మాది విజయవాడ, గవర్నర్‌పేట. మా తాతయ్యగారు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో చేరి బర్మా వెళ్ళి, 1946లో ఇంటికి తిరిగివచ్చారు. మా స్వగ్రామం సైనికులకు పేరుపడ్డ మిలటరీ మాధవరం వంటిది కాదు, ఊరు మొత్తానికి యుద్ధం చూసి వచ్చిన మనిషి ఆయన ఒక్కరే. అందువల్ల ఎండాకాలం రాత్రులు డాబా మీద మంచాలు వేసుకుని ఆయన చెప్పే కబుర్లు వినడానికి మా ఇంటి పిల్లలే కాక పక్కిళ్ళ పిల్లలు కూడా చేరేవారు. ఆ కబుర్లలో స్టెన్‌గన్, అంటే తూటాలను వరుసగా కురిపించే చిన్న తుపాకీ, ప్రస్తావన రాని రోజు ఉండేది కాదు. "నీళ్ళ గొట్టానికి పిడి తగిలించినట్టు ఉండేదిరా, దాన్ని చూసి నవ్వుకున్నాం, ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టుకోకుండా నిద్రపోలేదు" అనేవారు.

ఆ కబుర్లు నాతోపాటు విన్నవాడే మా మేనత్తగారి అబ్బాయి, వరుసకు నాకు బావ. ఇరవై ఏళ్ళకు పైగా టెక్సాస్‌లో ఉంటున్నారు, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నారు. ఎన్నో ఏళ్ళు డబ్బు కూడబెట్టి ఈ మధ్యనే ఒక అసలైన స్టెన్ మార్క్ 2 (మార్క్ అంటే రకం) తుపాకీని అక్కడి చట్టప్రకారం నమోదు చేయించుకుని కొన్నారు. వీడియో కాల్‌లో దాన్ని చూపించినప్పుడు మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

ఇప్పుడు ఆయనకు రెండు ఆలోచనలు వచ్చాయి. భుజానికి ఆనించే ఆ ఇనుప కడ్డీ పిడిని తీసివేసి, మార్క్ 5కి ఉన్నట్టు చెక్క పిడి, చేతిపట్టు అమర్చి, గీతలు పడిన చోట పాత రంగు గీకించి కొత్తగా నల్లరంగు వేయించాలన్నది మొదటిది. తాతయ్యగారి జ్ఞాపకం తాతయ్యగారి ఇంట్లోనే ఉండాలి గనుక, కొన్నేళ్ళ తర్వాత ఆ తుపాకీని పేలకుండా కోయించి అయినా సరే నాకు పంపించాలన్నది రెండవది. నా ప్రశ్నలు ఇవి. విజయవాడలో ఒక సామాన్య గృహస్థు దీన్ని లైసెన్సు మీద ఉంచుకోగలడా? పూర్తి తుపాకీ కుదరకపోతే, కోసివేసిన కళేబరాన్ని గాజుబీరువాలో పెట్టుకోవచ్చా? పిడి, రంగు మార్చే విషయంలో ఆయనకు ఏమని చెప్పాలి?

అరండల్‌పేట వకీలు:

నేను గుంటూరులో క్రిమినల్ పక్షం ప్రాక్టీసు చేస్తున్నాను. మీ మూడవ ప్రశ్న నా పరిధిలోది కాదు. మొదటి రెండింటికీ ఉన్న సమాధానం మీకు రుచించదు గానీ, బావగారు టిక్కెట్టు కొనుక్కోకముందే తెలుసుకోవడం మంచిది.

1959 నాటి ఆయుధాల చట్టం తుపాకులను రెండు తరగతులుగా చూస్తుంది. ట్రిగ్గరు మీద వేలు నొక్కి ఉంచినంతసేపూ, లేదా మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఖాళీ అయ్యేవరకూ, తూటాలు వెలువడుతూనే ఉండేలా తయారైన ఏ తుపాకీ అయినా సెక్షన్ 2 నిర్వచనం ప్రకారం నిషిద్ధ ఆయుధమే. అది నిన్న తయారైందా, 1942లో తయారైందా అన్న విచక్షణ ఆ నిర్వచనంలో లేదు. సెక్షన్ 7 ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అటువంటి ఆయుధాన్ని ఎవరూ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, మోయకూడదు. పొలానికి కాపలా కోసమో, ఆత్మరక్షణ కోసమో ఇక్కడి అధికారుల దగ్గర పెట్టుకునే మామూలు లైసెన్సు దరఖాస్తు దీనికి పనికిరాదు. "మా తాతగారి జ్ఞాపకం" అన్న కారణంతో ఢిల్లీ నుంచి అనుమతి వస్తుందని నేనైతే ఏ కక్షిదారుకూ ఆశ పెట్టను.

శిక్ష సంగతి కూడా చెప్పాలి. 2019 సవరణకు ముందు నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకున్నందుకు కనీస శిక్ష 5 ఏళ్ళు, గరిష్ఠం 10 ఏళ్ళు ఉండేది. సవరణ తర్వాత అవి 7, 14 ఏళ్ళయ్యాయి. అదే సవరణ మామూలు లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను కూడా 3 నుంచి 2కు తగ్గించింది. తాత ముత్తాతల నాటి తుపాకులు ఉన్న కుటుంబాలవారు కూడా మూడవదాన్ని స్టేషనులోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించవలసి వచ్చింది. చట్టం ఏ దిక్కుకు నడుస్తోందో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

ఇక కళేబరం సంగతి. చాలామంది సెక్షన్ 45ను సగం చదివి ధైర్యం తెచ్చుకుంటారు. పాతకాలపు నమూనా, పురావస్తు విలువ ఉన్నది, శిథిలమైనది అయిన ఆయుధాలకు అక్కడ మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే "మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా ఉపయోగపడనిది" అన్న షరతు దాని వెంటనే ఉంది. స్టెన్‌గన్ అనేదే చిన్నచిన్న వర్క్‌షాపుల్లో రేకులు, గొట్టాలు అతికించి చేయడానికి పుట్టిన ఆయుధం. దాన్ని ఎన్ని ముక్కలుగా కోసినా "ఇక దీన్ని ఎవరూ బాగుచేయలేరు" అని కోర్టులో నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. అమెరికాలో ఎవరో ఇచ్చే నిర్వీర్య పత్రం ఇక్కడ లైసెన్సుకు బదులు కాదు. పైగా "ఆయుధాలు" అన్న మాటలో వాటి విడిభాగాలు కూడా చేరతాయని అదే చట్టం చెబుతుంది, విదేశం నుంచి తేవడానికి సెక్షన్ 10 కింద మళ్ళీ వేరే లైసెన్సు కావాలి. అదే సెక్షన్ 45లో, జత భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని అల్పమైన విడిభాగాలకు మినహాయింపు ఉంది. కానీ తుపాకీ ఒళ్ళుగా ఉండే గొట్టం, దాని లోపల ముందుకూ వెనక్కీ కదిలే బోల్టు, తూటా వెలువడే బ్యారెల్, మ్యాగజైన్ వంటివి "అల్పమైనవి" అని శంషాబాద్ కస్టమ్స్ కౌంటరు దగ్గర నిలబడి వాదించే సాహసం మీ బావగారిచేత చేయించకండి.

సందర్భం వచ్చింది గనుక ఒక మాట. ఎవరి ఇంట్లోనైనా పాత ట్రంకుపెట్టెలో నిజమైన తుపాకీయే బయటపడితే, దాన్ని కడిగి, ఫోటోలు తీసి, వాట్సాప్‌లో పెట్టి, ఆ తర్వాత తీరికగా సలహా అడగకండి. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. వెంట ఒక న్యాయవాది ఉంటే ఇంకా మంచిది.

రిటైర్డ్ ఆర్మరర్, సత్యనారాయణపురం:

నేను ఆర్మ్‌డ్ రిజర్వులో ఆయుధాల మరమ్మతు చూసిన మనిషిని. వకీలుగారు చట్టం చెప్పారు గనుక నేను ఇనుము గురించి చెబుతాను.

స్టెన్ అన్న పేరు దాన్ని రూపొందించిన షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరి పేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలకు, ఎన్‌ఫీల్డ్ అనే ఆయుధ కర్మాగారం పేరులోని మొదటి రెండక్షరాలు కలిపితే వచ్చింది. 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ తీరాన ఆయుధాలన్నీ వదిలేసి వచ్చిన బ్రిటిషువారికి త్వరగా, చవకగా, లక్షల సంఖ్యలో తుపాకులు కావలసివచ్చి 1941లో దీన్ని తయారుచేశారు. అమెరికావారి థామ్సన్ తుపాకీ అయితే చెక్కపిడితో, చక్కటి మిల్లింగు పనితో పెళ్ళికొడుకులా ఉండేది. స్టెన్‌కు ఆ సింగారం ఏమీ లేదు, ఒక్కొక్కటి సుమారు పది డాలర్ల ఖర్చుతో తయారయ్యేది. మీ తాతగారు నీళ్ళ గొట్టం అన్నది ఎగతాళి కాదు, ఉన్నమాట. యుద్ధం ముగిసేసరికి అన్ని రకాలూ కలిపి దాదాపు 40 లక్షలు చేశారు, అందులో సగం మీ బావగారి దగ్గరున్న మార్క్ 2 రకమే.

దాని ప్రాణం, దాని రోగం రెండూ మ్యాగజైన్‌లోనే ఉన్నాయి. ఎడమపక్కకు అడ్డంగా పొడుచుకువచ్చే ఆ మ్యాగజైన్‌లో 32 తూటాలు పడతాయి. అవి లోపల రెండు వరుసలుగా కూర్చుని, పైకి వచ్చేసరికి ఒకే వరుసగా ఇరుక్కోవాలి. అక్కడ కాస్త ఇసుక చేరినా, మ్యాగజైన్ పై పెదవి, అంటే తూటాను పట్టి ఉంచే అంచు, కాస్త వంగినా తూటా అడ్డంపడుతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు మూడు తూటాలు తక్కువే నింపేవారు. పాత ఫోటోల్లో చాలామంది ఎడమచేత్తో మ్యాగజైన్‌నే పట్టుకుని కనిపిస్తారు. అది తప్పు పద్ధతి, అలా పట్టుకుంటే అమరిక వదులై తూటా సరిగా అందదు. రెండవ దోషం మరీ ప్రమాదకరమైనది. బోల్టు ముందుకు వాలి ఉన్నప్పుడు తుపాకీ కిందపడితే, ఆ బరువైన బోల్టు అదురుకు కాస్త వెనక్కి పోయి, తిరిగి వస్తూ తూటాను తోసుకుపోయి పేల్చేసేది. కాబట్టి బావగారు మ్యాగజైన్ తగిలించి ఉంచి, కుర్చీకి ఆనించి ఫోటో తీసుకునే పని ఎప్పటికీ చేయకూడదని చెప్పండి.

మేము వాడిన కార్బైన్ (పొట్టి తుపాకీ) దీని తర్వాతి తరంది. బ్రిటిషు సైన్యం 1953లో తీసుకున్న స్టెర్లింగ్‌ను మన కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో 1ఎ1 కార్బైన్‌గా చేశారు. బందోబస్తులో కానిస్టేబుల్ భుజానికి వేలాడుతూ, ముందుభాగమంతా చిల్లుల గొట్టంతో కనిపించేది అదే. మామూలు జనమూ, పత్రికలవారూ దాన్ని కూడా స్టెన్‌గన్ అనే రాసేవారు. దాని మ్యాగజైన్ వంపు తిరిగి 34 తూటాలు పట్టేది, తూటాలను నెట్టే భాగానికి చిన్న రోలర్లు ఉండేవి, స్టెన్‌కు ఉన్న ఇరుకుడు రోగం దానికి చాలావరకు నయమైంది. బోల్టు మీద మెలిక తిరిగిన గాడులు ఉండి లోపలి మట్టిని అదే నెట్టేసుకునేది. పుల్‌త్రూకు, అంటే బ్యారెల్ శుభ్రం చేసే తాడుకు, చిందీ గుడ్డ చుట్టి, నూనె తడి తగిలించి బ్యారెల్‌లో లాగి మసి తుడిచేవాళ్ళం.

ఇప్పుడు మీ మూడవ ప్రశ్నకు వస్తాను. రంగు గీకనివ్వకండి. పనిచేస్తున్న ప్రభుత్వ ఆయుధమైతే తుప్పు రాకుండా మళ్ళీ రంగు వేయడం మా డ్యూటీ. సేకరణ కోసం కొన్న వస్తువు సంగతి వేరు. ఆ అరిగిన అంచులూ, పిడి భుజానికి తగిలి నున్నబడిన చోటూ, తనిఖీ ముద్రలూ చూసే కదా ఇది ఎనభై ఏళ్ళ కిందటిదని ఎవరైనా నమ్మేది. గీకుడు కాగితం పెట్టి రుద్దితే మొదట మాసేది ఆ ముద్రలే. తుప్పు పైపైన ఉంటే మెత్తటి గుడ్డా, గన్ ఆయిలూ చాలు. వాడిన ప్రతిసారీ తుడిచి, పొడిగా ఉంచాలి. లోపల తేమ నిలిచే తోలు సంచిలో మాత్రం ఏళ్ళ తరబడి ఉంచకూడదు.

చెక్కపిడి సంగతికి వస్తే, మార్క్ 5 అన్నది 1944లో పారాచూట్ దళాలవారి కోసం కాస్త మర్యాదగా చేసిన రకం. మార్క్ 2కు ఆ పిడి పెడితే చూడటానికి బాగుండవచ్చు. కానీ మీ తాతగారు నవ్వుకున్న నీళ్ళ గొట్టం అప్పుడు ఎక్కడ ఉంటుంది?

టెక్సాస్ తెనాలి:

నేను తెనాలివాడిని, హ్యూస్టన్ దగ్గర ఉంటాను. బావగారికి తెలిసే ఉంటుంది గానీ, ఇది చదివే మిగతావారి కోసం ఇక్కడి పద్ధతి వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే "అమెరికాలో ఎవరైనా ఏ తుపాకీ అయినా కొనుక్కోవచ్చు" అన్న అపోహ మనవాళ్ళలో బాగా ఉంది.

1934 నాటి జాతీయ తుపాకుల చట్టం ప్రకారం ప్రతి మెషిన్‌గన్‌నూ ఫెడరల్ ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి, చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆ రోజుల్లో ఒక థామ్సన్ ఖరీదే ఇంచుమించు అంత ఉండేది, అంటే తుపాకీ ధరకు సమానంగా పన్ను పెట్టారన్నమాట. ఆ 200 అంకె నేటికీ మారలేదు. 1968లో నెల రోజులపాటు క్షమాభిక్ష ఇచ్చి, యుద్ధం నుంచి సైనికులు తెచ్చుకుని అటకల మీద దాచుకున్న నమోదుకాని తుపాకులను ప్రశ్నలు అడగకుండా నమోదు చేసుకున్నారు. చివరికి 1986 మే 19తో తలుపు మూసుకుపోయింది. ఆ తేదీకి నమోదై లేని మెషిన్‌గన్ ఏదీ పౌరుల చేతికి రాదు. ఉన్నవి పెరగవు, కొనేవారు పెరుగుతున్నారు, అందువల్ల యుద్ధకాలంలో పది డాలర్లకు తయారైన వస్తువుకు ఇప్పుడు కారు కొన్నంత డబ్బు పోయాలి.

కొనడానికి ఫారం 4 అనే బదిలీ దరఖాస్తు, వేలిముద్రలు, ఫోటోలు, పూర్వచరిత్ర తనిఖీ, ఆ తర్వాత నిరీక్షణ. నమోదైన వ్యక్తి దగ్గరే అది ఉండాలి, "ఊరెళ్తున్నాను, నెల రోజులు మీ ఇంట్లో ఉంచండి" అని స్నేహితుడికి ఇవ్వడం కూడా నేరమే. రాష్ట్రం సరిహద్దు దాటించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. దేశం దాటించాలంటే ఆటోమేటిక్ ఆయుధాలకు విదేశాంగ శాఖ ఎగుమతి లైసెన్సు కావాలి. కాబట్టి వకీలుగారు చెప్పిన ఇటు తలుపు ఎంత గట్టిదో, అటు తలుపూ అంతే గట్టిది.

మార్పుల విషయంలో ఆయన ఒక సంగతి ఖచ్చితంగా తెలుసుకోవాలి. ఇక్కడ స్టెన్‌లలో రెండు జాతులున్నాయి. యుద్ధకాలంలోనే తయారై, అప్పటి గొట్టంతోనే నమోదైనవి ఒక జాతి. 1986కు ముందు ఇక్కడివారే కొత్త గొట్టం చేసి, దానికి పాత విడిభాగాలు అతికించి నమోదు చేసినవి రెండవ జాతి. రెండవ జాతి తుపాకీకి చెక్కపిడి పెట్టుకున్నా, రంగు వేసుకున్నా పెద్ద నష్టం లేదు, షూటింగ్ రేంజిలో సరదాకు వాడేవారు చాలామంది అలాగే చేస్తారు. మీరు "అసలైన" అన్నారు గనుక బావగారిది మొదటి జాతి అయి ఉంటుంది. అటువంటిదానికి రంగు మార్చితే విలువలో పోయిన భాగం మళ్ళీ రాదు. పిడి మాత్రం విప్పి పెట్టుకునే భాగమే, అంత ముచ్చటగా ఉంటే కొత్త పిడి వేరుగా కొనుక్కుని, అసలు పిడిని నూనె గుడ్డలో చుట్టి జాగ్రత్త చేయమనండి. నంబరు ఉన్న భాగం జోలికి, అంటే కోయడం, అతకడం, ముద్ర మీద రుద్దడం వంటి పనులకు, ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. ఆ నంబరు మాసిపోతే లక్షల ఖరీదైన వస్తువు నేరంగా మారుతుంది. "కోయించి పంపుతాను" అన్న ఆలోచన వింటే ఇక్కడి సేకర్తలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

పిల్లలను ఇక్కడికి పంపిన తల్లిదండ్రులు కూడా చదువుతున్నారేమోనని మరొక మాట చేరుస్తున్నాను. ఎఫ్1, హెచ్1బీ వంటి వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు వర్తిస్తే తప్ప, మామూలు తుపాకీ కూడా చేతిలో ఉంచుకోకూడదు. స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టడం అంటే మన మీద మనమే సాక్ష్యం రాసి ఇచ్చినట్టు.

కొండపల్లి చెక్కపని:

మీ కోరిక తాతయ్యగారి జ్ఞాపకం ఇంట్లో ఉండాలన్నదే అయితే చెక్కతో చేయించుకోండి. మా కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి దీనికి సరిపోదు, అది మరీ తేలిక, మెత్తన. ఆ సన్నని కడ్డీ పిడి చేతిలోనే విరిగిపోతుంది. టేకు తీసుకుని, గొట్టం భాగాన్ని లేతు మీద తిప్పించి, పిడి విడిగా చెక్కి, అతుకుల దగ్గర మేము బొమ్మలకు వాడే మక్కు, అంటే చింతపిక్కల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద పూస్తే, రంగు వేశాక అతుకు కనపడదు. అసలు తుపాకీ పొడవు 30 అంగుళాలు, బరువు మూడు కిలోలకు కొంచెం పైన. బరువు చెక్కతో రాదు, పొడవు మాత్రం కొలతకు కొలత వస్తుంది.

అరండల్‌పేట వకీలు:

ఈ సలహా బాగుంది. అయితే చెక్కకే పరిమితం కండి. ఇనుము అయితే ఇంకా అందంగా వస్తుందని ఆటోనగర్‌లో ఏ లేతు మిషన్ ఆసామికో కొలతలు ఇస్తే, అలంకారం కోసమేనని మీరు ఎంత మొత్తుకున్నా, ఇద్దరి మీదా ఆయుధం తయారీ కేసు పడే ప్రమాదం ఉంది. చెక్క బొమ్మను కూడా గోడకు బిగించండి, గణపతి ఊరేగింపులకూ, బెంజి సర్కిల్‌లో రీల్సు తీయడానికీ పిల్లల చేతికి ఇవ్వకండి. దూరం నుంచి చూసే కానిస్టేబుల్‌కు అది టేకు అని తెలియదు.

గవర్నర్‌పేట పాతపెట్టె:

అందరికీ వేర్వేరుగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి బావగారికి మొత్తం చదివి వినిపించాను. కోయించే ఆలోచన మానుకున్నారు. రంగు వేయించడానికి ఒక దుకాణంలో ఇచ్చిన అడ్వాన్సు పోయినా ఫరవాలేదన్నారు. చెక్కపిడి మీద మోజు ఇంకా తీరలేదు, విప్పి పెట్టుకునేదే కదా అని నేనూ వాదించలేదు. తుపాకీతోపాటు వచ్చిన కాన్వాసు పటకా ఒకటి ఉందట. ఏడు మ్యాగజైన్లు పట్టే ఏడు అరలతో, భుజం మీదుగా వేసుకునేది. ఉత్త గుడ్డే గనుక దాన్ని సంక్రాంతికి వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకు రావచ్చునా అని వకీలుగారిని అడగమన్నారు.

కొండపల్లివారికి ఒక ప్రశ్న. మ్యాగజైన్ ఎడమపక్కకు రావాలి కదా, గోడకు బిగించినప్పుడు అది గదిలోకి పొడుచుకువచ్చి వచ్చేపోయేవారి భుజానికి తగులుతుందని మా ఇంట్లో అభ్యంతరం చెబుతున్నారు. దాన్ని విప్పి పెట్టేలా చేయవచ్చా?

అరండల్‌పేట వకీలు:

ఖాళీ గుడ్డ పటకా ఆయుధం కాదు, తీసుకురమ్మనండి. అరల్లో తూటా గానీ, వాడేసిన ఇత్తడి గొట్టం గానీ, స్ప్రింగు గానీ మిగిలిపోలేదని ఏడు అరలూ తిరగేసి చూసుకుని మరీ సర్దుకోమనండి.

కొండపల్లి చెక్కపని:

విప్పి పెట్టేలా చేయవచ్చు, మేకు లేకుండా గాడిలో జారేలా చేస్తాను. ఆర్మరర్‌గారు ఒకసారి నమూనా చూసి పెదవి దగ్గర వంపు సరిచేస్తానంటే ఆదివారం సత్యనారాయణపురం తీసుకొస్తాను.

రిటైర్డ్ ఆర్మరర్, సత్యనారాయణపురం:

తీసుకురండి. గోనెసంచిలో చుట్టి తీసుకురండి.